మా చెల్లెలి సెలవు

మా ఇంట్లో అటక మీద అందరి పెట్టెలూ ఉన్నాయి. నాన్నగారి ట్రంకు పెట్టె, మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న తోలుపెట్టె, పిల్లలు వాడి వదిలేసిన స్కూలు సంచులు... మేము ఏదీ పారెయ్యం గనక అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క మా చెల్లెలి ఎర్ర సూట్‌కేసు మాత్రం అటక ఎక్కదు. తను తెనాలి వచ్చిందంటే అది మంచం కింద చేరుతుంది. ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుంది, మూత సగం తెరుచుకుని. "నెల తిరక్కుండా మళ్ళీ సర్దేదే గదా అన్నయ్యా, ఎక్కించడమెందుకు, దించడమెందుకు?" అంటుంది. ఆ పెట్టె మీద మా అమ్మ ఒక పాత చీర కప్పి ఉంచుతుంది. దుమ్ము పడకుండా అని పైకి చెప్పే మాట.

మా చెల్లెలు చేసే ఉద్యోగం ఏమిటో నలుగురికీ విడమరచి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. యుద్ధం వచ్చిన చోటా, వరద వచ్చిన చోటా, ఊళ్ళు వదిలి పరుగెత్తుకొచ్చిన జనం చెట్ల కింద పడి ఉన్న చోటా మంచినీళ్ళూ మరుగుదొడ్లూ ఏర్పాటు చేసే ఇంజనీరు తను. ఒక అంతర్జాతీయ సహాయ సంస్థ జీతమిస్తుంది. బంధువుల్లో కొందరు ఐక్యరాజ్యసమితి అంటారు, కొందరు రెడ్ క్రాసు అంటారు. రెండూ కావు. మా పక్కింటాయన "ఆఫ్రికాలో బోర్లు వేయిస్తుందండీ" అంటాడు. ఉన్న వాటిలో అదే నయం.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. అంచేత తను "హోమ్ లీవు" అన్నప్పుడల్లా నా మనసు మన "సెలవు" మీదికి పోతుంది. చిత్రమైన మాట అది. బడికి సెలవంటే పిల్లలకి పండగ. పెద్దలు సెలవిచ్చారంటే ఆజ్ఞ, లేదా అనుమతి. "ఇక సెలవు" అంటే వీడ్కోలు. పాత తెలుగులో సెలవంటే ఖర్చు కూడాను. డబ్బు సెలవైపోయిందంటే చేతిలో చిల్లిగవ్వ లేదన్నమాట. క్లాసులో ఈ అర్థాలన్నీ ఏళ్ళ తరబడి చెప్పాను. అన్నీ కలిసి ఒకే మనిషిని పట్టుకోవడం మాత్రం మా ఇంట్లోనే చూశాను.

ఇదంతా 2009 అక్టోబరులో మొదలైంది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంవత్సరం అది. అప్పటికి తను హైదరాబాదులో ఒక కంపెనీలో పైపుల నక్షలు గీసే కొత్త ఇంజనీరు. వారం రోజులు సెలవు పెట్టి స్నేహితులతో కర్నూలు వెళ్ళింది. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. వరద వచ్చిన చోట మొట్టమొదట కరువయ్యేది మంచినీళ్ళేనని తనకి అక్కడ తెలిసింది. వారం అనుకున్నది నెలయింది. తిరిగి వచ్చేసరికి హైదరాబాదు ఉద్యోగం లేదు. నాన్నగారు వారం రోజులు తనతో మాట్లాడలేదు. తరవాత ఆయనే పాస్‌పోర్టు ఆఫీసుకు వెంట వెళ్ళారు. 2015 భూకంపం తరవాత నేపాలు, ఆ తరవాత దక్షిణ సూడాను.

దక్షిణ సూడాను 2011 జులైలో పుట్టిన దేశం. రెండున్నరేళ్ళు తిరక్కుండా, 2013 డిసెంబరులో, అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. 2018లో సంధి కుదిరింది గాని జనం ఇళ్ళకు చేరలేదు. తరవాత ఏటేటా వరదలు. ఇవి చాలవన్నట్టు 2023 ఏప్రిల్లో ఉత్తరాన ఉన్న సూడానులో యుద్ధం మొదలై, లక్షలాది మంది సరిహద్దు దాటి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామంది ముందుగా చేరుకునే ఊరు రెంక్, తెల్ల నైలు ఒడ్డున. మా చెల్లెలి చివరి మకాం అదే.

ఇలాంటి కొలువుల్లో సెలవులు రెండు రకాలట. ఒకటి, మరీ కష్టమైన చోట ఆరు వారాలకో ఎనిమిది వారాలకో ఒకసారి బలవంతాన ఇచ్చే విశ్రాంతి. ఎక్కువైతే వారం రోజులు. వెళ్ళనంటే ఒప్పుకోరు. ఏకబిగిన పనిచేసిన మనిషి తప్పులు చేస్తాడు, నీళ్ళలో మందు ఎక్కువ తక్కువలు వేస్తాడు, జీపు డ్రైవరు మీద అరుస్తాడు, చివరికి అన్నం కూడా తినడు. ఆ వారంలో తెనాలి వచ్చి వెళ్ళడం అయ్యే పని కాదు. నైరోబీలో ఏదో హోటల్లో నిద్రపోతుంది. రెండోది ఏడాదికో రెండేళ్ళకో ఇంటికి పంపేది. ఎవరికెన్ని రోజులన్నది సంస్థను బట్టి, చోటును బట్టి. మా చెల్లెలికి ముప్ఫై రోజులు. రెంక్‌లో మట్టి నేల మీద దిగే చిన్న విమానమెక్కి జూబా, అక్కణ్ణుంచి ఆడిస్ అబాబా, బొంబాయి, హైదరాబాదు, అక్కడ రైలెక్కి తెనాలి. రానూ పోనూ ప్రయాణానికే అయిదారు రోజులు.

ఈసారి 2025 జనవరి 11న దిగింది. ఇల్లంతా సంక్రాంతి హడావిడిలో ఉంది. మా ఆవిడ అరిసెలు వత్తుతోంది. "వదినా, నాలుగు రోజులు నన్ను లేపకు" అని తను పడుకుంది.

13న భోగి. తెల్లవారుజామున మా వీధి కుర్రాళ్ళు మంట వేశారు. తాటాకులు, పాత తలుపు చెక్కలు. ఎండిన వెదురు కాలేటప్పుడు ఫటఫటా పేలుతుంది గదా. అమ్మ లేచి చూసేసరికి మా చెల్లెలు వీధి గుమ్మంలో నిలబడి ఉందట. కాళ్ళకి బూట్లు, భుజాన చిన్న సంచి. నిద్ర కళ్ళు. "ఏమ్మా?" అంటే పలకలేదట. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాక "భోగి గదూ అమ్మా" అని అక్కడే మెట్ల మీద కూర్చుంది.

ఆ సంచి సంగతి నేను తరవాత అడిగాను. కాల్పులు మొదలైతే సూట్‌కేసు సర్దుకునే వ్యవధి ఉండదు. పాస్‌పోర్టు, కొంత డబ్బు, నీళ్ళసీసా, టార్చి, ఒక జత బట్టలు, మందులు ఎప్పుడూ ఒక సంచిలో పెట్టి తలగడ పక్కన ఉంచుకోవాలి. అక్కడ అది నిబంధన. తెనాలిలో కూడా తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటోందని మాకెవరికీ తెలియదు. ఆవేళ అమ్మ దాన్ని తీసెయ్యలేదు. ఒక జంతికల పొట్లం అందులో కుక్కింది.

ఇంటికొచ్చిన మొదటి వారం తనకి అన్నీ చిక్కులే. బట్టల కొట్టుకి తీసుకెళితే ఏ చీరా ఎంచుకోలేక బయటికి వచ్చేసింది. పంపు కింద గిన్నెలు కడుగుతూ పనిమనిషి కుళాయి కట్టకుండా మాట్లాడుతుంటే వెళ్ళి కట్టేసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ పనిమనిషికి కోపం వచ్చింది. అప్పుడు నాకు లెక్క చెప్పింది. సహాయ సంస్థలన్నీ కలిసి రాసుకున్న ప్రమాణాల పుస్తకం ఒకటుంది. స్ఫియర్ అంటారు. 1997లో మొదలుపెట్టారు, నాలుగో కూర్పు 2018లో వచ్చింది. దాని ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు. తాగడానికీ, వంటకీ, ఒంటికీ కలిపి. ఒక కుళాయికి 250 మందికి మించరాదు. కుళాయి ఇంటికి 500 మీటర్ల లోపల ఉండాలి. వరసలో అరగంటకు మించి నిలబడే అవసరం రాకూడదు. మా ఇంటి మీది ట్యాంకు వెయ్యి లీటర్లు. తనతో కలిపి ఆరుగురం రోజుకొకసారి దాన్ని ఖాళీ చేస్తాం. "అవి అరవయ్యారు మందికి ఒక రోజు నీళ్ళన్నయ్యా" అంది. తప్పుపట్టినట్టు కాదు, క్లాసులో నేను గణాలు విభజించినట్టు, అలవాటు కొద్దీ.

ఇక చుట్టాలు. వచ్చినవాళ్ళందరూ అడిగేవి మూడు ప్రశ్నలు: జీతమెంత, పెళ్ళెప్పుడు, అక్కడ సింహాలుంటాయా. నాలుగో ప్రశ్న "ఎలా ఉంది అక్కడ?" అని. దానికి తను "బాగుంది" అంటుంది. నిజంగా చెప్పడం మొదలుపెడితే రెండో వాక్యానికి వాళ్ళు ఫోను చూసుకుంటారు. నేనూ అంతే చేశానని మా ఆవిడ తరవాత నాతో చెప్పింది. కాదనలేకపోయాను.

తన మాట పూర్తిగా విన్నది అమ్మ ఒక్కతే. అందుక్కారణం పటిక. అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున లంక పల్లె. వరద రోజుల్లో ఎర్రటి నీళ్ళు తెచ్చి, కడవ లోపల చిల్లగింజ అరగదీసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మట్టి అడుగుకి దిగేది. చిల్లగింజ దొరక్కపోతే పటిక తిప్పేవారు. "నేను చేసేదీ అదేనే అమ్మా" అంది మా చెల్లెలు. నైలు నీళ్ళు పంపుతో తోడి, 70 వేల లీటర్లు పట్టే తొట్టిలో పోసి, పటిక జాతి మందే కలుపుతారు. ఎంత కలపాలో ముందు బకెట్లలో పరీక్ష చేస్తారు. ఒక బకెట్లో కొంచెం, రెండోదానిలో ఇంకొంచెం, అలా అయిదారింట. ఏ బకెట్లో మట్టి అరగంటలో గుంపులు గుంపులుగా దిగిందో ఆ లెక్కే తొట్టికి. నది రోజూ ఒకలా ఉండదు, అంచేత పరీక్ష మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సిందే. అయితే పటిక మట్టిని దించుతుంది గాని క్రిమిని చంపదు. పైన తేరిన నీళ్ళలో క్లోరిన్ వెయ్యాలి. కుళాయి దగ్గర పట్టి బిళ్ళ వేసి చూస్తే గులాబిరంగు రావాలి, లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందని దానర్థం. అంతకు తక్కువైతే కడవలో క్రిములు చేరతాయి. ఎక్కువైతే వాసనని జనం నదికే పోతారు. 2024 అక్టోబరులో రెంక్ ప్రాంతంలో కలరా ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరవాతి రోజుల్లో తను ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళ బిందెల్లో బిళ్ళలు వేసి రంగు చూసింది. "వాసనొస్తే బిందె మూత తీసి కాసేపు గాలి తగలనివ్వమను, మీ నాయనమ్మ చెప్పేది" అంది అమ్మ. అదే అక్కడా చెబుతున్నామని చెల్లెలు అంటే అమ్మ మొహం చూడాలి. ఆ తరవాత రోజూ రాత్రి వాళ్ళిద్దరికీ అదే కాలక్షేపం.

సంక్రాంతి వెళ్ళి వారం తిరక్కముందే, జనవరి 20న, అమెరికాలో కొత్తగా గద్దెనెక్కిన ప్రభుత్వం విదేశాలకిచ్చే సహాయాన్ని 90 రోజులపాటు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచంలో ఇలాంటి పనులకు అన్నిటికంటె ఎక్కువ డబ్బు వచ్చేది అక్కణ్ణుంచే. పేపర్లో చదివి నేను పక్క పేజీకి పోయాను. ఫిబ్రవరి మొదటి వారంలో మా చెల్లెలికి ఉత్తరం వచ్చింది. రెంక్ ప్రాజెక్టు మూసేస్తున్నారు, తిరిగి రానక్కర్లేదు.

ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మా ఇంట్లో ఆ రోజు సంతోషించాం. అమ్మ గుళ్ళో కొబ్బరికాయ కొట్టించింది. నేను నిచ్చెన వేసి ఎర్ర సూట్‌కేసుని అటక ఎక్కించాను. పదిహేనేళ్ళలో మొదటిసారి. తను కింద నిలబడి చూసింది, వద్దనలేదు.

ఆ రాత్రి నుంచి తన ఫోను మోగడం మొదలైంది. రెంక్‌లో పంపు నడిపే వాళ్ళు, తొట్టికి కాపలా ఉండేవాళ్ళు, బిందెల్లో బిళ్ళలు వేసి చూసే ఆడవాళ్ళు. సహాయ కార్యకర్త అనగానే మనకి విమానం దిగే విదేశీయుడు గుర్తొస్తాడు. నిజానికి ఇలాంటి పనుల్లో పదింట తొమ్మిది వంతులు ఆ దేశం వాళ్ళే చేస్తారు. వాళ్ళకి ఇంటికి పోయే సెలవు అంటూ ఏముంటుంది? ఇల్లు అక్కడే, తుపాకీ మోతా అక్కడే. జీతం ఆగింది గనక పని మానేశారా అంటే అదీ లేదు. డీజిలు ఉన్నన్నాళ్ళు పంపు నడుపుతామన్నారట. "డీజిలు ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగాను. "పొదుపుగా వాడితే పన్నెండు రోజులు" అంది. పదమూడో రోజున తను అన్నం తినలేదు.

చచ్చిపోయేవాళ్ళలోనూ ఆ దేశం వాళ్ళే ఎక్కువ. 2003 ఆగస్టు 19న బాగ్దాదులో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబుదాడి జరిగింది. బ్రెజిల్ దేశస్థుడు సెర్జియో వియేరా డి మెల్లో మొదలుకుని 22 మంది పోయారు. ఆ తేదీని 2008లో సహాయ కార్యకర్తల దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2024 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 380 మందికి పైగా సహాయ కార్యకర్తలు చంపబడ్డారు. ఈ అంకెలు అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు. తనకి వేరే దారిన తెలుస్తాయి. టీవీలో ఆఫ్రికా అన్న మాట వినిపిస్తే వంటింట్లోంచి గరిటతో సహా వస్తుంది.

ఫిబ్రవరి మధ్యలో పల్నాడులో మేనమామ మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. కల్యాణమండపంలో తను నా చెవిలో "ఆరువందల మంది, నాలుగు మరుగుదొడ్లు. మా లెక్కకి ముప్ఫై ఉండాలి" అంది. ఇరవై మందికొకటట. నాకు నవ్వొచ్చింది. తిరిగి వస్తూ ఒక చోట కారు ఆపించి పొలంలోకి దిగింది. పత్తి తీసేసిన చేను, నల్లరేగడి. ఎండకి నెర్రెలు విచ్చి ఉంది. ఒక గడ్డ చేతిలోకి తీసుకుని, "ఇదే మట్టి అన్నయ్యా. నాన్న పోయినప్పుడు నన్ను ఆపింది ఇదే" అంది.

ఇక్కడ నేను వెనక్కి వెళ్ళాలి. నాన్నగారు 2022 ఆగస్టులో పోయారు. మూడు రోజులు మంచం మీద ఉన్నారు, గుమ్మం వైపు చూస్తూ. తను వచ్చింది ఎనిమిదో రోజున. ఆవేళ నేనొక మాటన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని అది వదిలేసి మిగతా కథంతా చెప్పడం దొంగతనం అవుతుంది. "దేశదేశాల వాళ్ళకి నీళ్ళు పోస్తావు. నాన్న నోట్లో తులసి నీళ్ళు పొయ్యడానికి నీకు తీరిక లేకపోయింది" అన్నాను. బంధువుల మధ్యన. తను జవాబు చెప్పలేదు. కర్మకాండ అయ్యాక వెళ్ళిపోయింది. తరవాత రెండున్నరేళ్ళు మేమిద్దరం పిల్లల చదువుల గురించీ, అమ్మ బీపీ బిళ్ళల గురించీ మాట్లాడుకున్నాం.

ఆ రోజు పల్నాడు చేలో నిలబడి చెప్పింది. అప్పుడు తనున్న చోట ఈ మట్టినే చదును చేసి విమానం దిగేందుకు బాట చేశారు. ఎండలో రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడితే ఉబ్బి మోకాలు దాకా దిగబడుతుంది, చక్రం మోపితే విమానం తలకిందులే. వాన వెలిసి ఎండ కాసి రెండు మూడు రోజులైతే గాని పైలటు దిగడు. ఆ వారం వాన వెలవలేదు. చుట్టూ వరద చిత్తడి, నడిచే దారి లేదు. రోజూ పొద్దున్నే సూట్‌కేసు తీసుకుని బాట పక్కన చెట్టుకింద కూర్చునేదట. ఒక ముసలాయన రోజూ వచ్చి మట్టిలో కర్ర గుచ్చి, ఎంత లోతు దిగిందో చూపించి, తల అడ్డంగా ఊపి వెళ్ళేవాడట. నాలుగో రోజున నాన్న పోయారన్న కబురు ఆ చెట్టుకిందే విన్నది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వన్నది నిజమే గదన్నయ్యా. మట్టి ఎలా ఉన్నా నేను లేకపోవడం నిజమే గదా" అంది.

కారులో అమ్మా, మా ఆవిడా ఎదురు చూస్తున్నారు. నేనేమీ అనలేకపోయాను. ఇంటిదాకా ఎవరం మాట్లాడుకోలేదు. ఆ గడ్డని మాత్రం తను పారెయ్యకుండా తెచ్చి పెరట్లో తులసికోట పక్కన పడేసింది.

అయినా మనిషి బుద్ధి! మార్చిలో నేను మళ్ళీ అన్నయ్యనైపోయాను. బెజవాడలో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లకు నీటి శుద్ధి చూసే ఇంజనీరు ఉద్యోగం ఉందంటే, తెలిసినవాళ్ళతో మాట్లాడి ఖాయం చేశాను. మంచి జీతం. రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు. అమ్మకి డెబ్భై రెండు దాటాయి, కళ్ళకి శుక్లాలు. తను సరే అంది. చేరింది కూడాను. నెల రోజులు వెళ్ళింది. ఎలా ఉంది అంటే "బాగుంది" అంది. ఆ "బాగుంది" నేనెరిగినదే.

ఆ రోజుల్లో నేను మార్సెల్ జునో అనే స్విస్ డాక్టరు గురించి చదివాను. మా చెల్లెలి లాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ. ఆయన 1935లో ఫ్రాన్సులో ఒక ఆస్పత్రిలో శస్త్రవైద్యుడు. ఇథియోపియా మీద ఇటలీ యుద్ధానికి దిగినప్పుడు అంతర్జాతీయ రెడ్ క్రాసు వాళ్ళు రమ్మంటే వెళ్ళాడు. అది ముగిసీ ముగియకుండానే 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం. తరవాత రెండో ప్రపంచయుద్ధం. 1945లో జపాను. ఆగస్టులో హిరోషిమా మీద అణుబాంబు పడితే, సెప్టెంబరులో టన్నులకొద్దీ మందులతో అక్కడికి చేరిన విదేశీ డాక్టరు ఆయనే. ఆ అక్టోబరులో స్విట్జర్లండులో ఆయన భార్యకు కొడుకు పుట్టాడు. ఆయన ఆ బిడ్డను చూడడానికి మరుసటి ఏడాది దాకా ఇల్లు చేరలేదు. చివరికి ఒంట్లో బాగుండక ఎక్కువసేపు నిలబడి కత్తి పట్టలేక, మత్తు ఇచ్చే వైద్యం నేర్చుకుని జెనీవాలో స్థిరపడ్డాడు. 1961 జూన్‌లో, పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. హిరోషిమా శాంతివనంలో ఆయన స్మారకశిల ఉంది. చదివినంతసేపూ నాకు ఆయన కంటె, ఆ ఏడాది పసిబిడ్డతో ఇంట్లో ఉన్న ఆవిడ గురించే ఆలోచన. ఆవిడ తలుపు చప్పుడైతే ఎలా లేచేదో!

మే నెలలో అమ్మకి కంటి ఆపరేషను చేయించాం. చెల్లెలే దగ్గరుండి చుక్కలు వేసింది. నాలుగు పూటలా, గడియారం చూసి. ఈ ఒక్క పనీ తను సంతోషంగా చేసిందనుకుంటాను. జూన్ రెండో వారంలో మరో సంస్థ నుంచి ఫోను వచ్చింది. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్. 2017 ఆగస్టు నుంచి కొద్ది నెలల్లో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బర్మా నుంచి పారిపోయి వచ్చి చేరిన చోటు. కొండలు నరికి వెదురు గుడిసెలు వేసుకున్నారు. దక్షిణాన టెక్నాఫ్ వైపు భూమిలో నీళ్ళు తక్కువ, వాన నీటిని కట్టలు కట్టి నిలిపి శుద్ధి చెయ్యాలి. మళ్ళీ పటికే. అక్కడా డబ్బుకి కటకటే గనక కాంట్రాక్టు ఆర్నెల్లే ఇస్తామన్నారు. ఆలోచించి చెబుతానంది. మాకు చెప్పలేదు. అమ్మకి తెలిసిపోయింది. ఎలాగంటే, తను ఆ రాత్రి "బాగుంది" అనకుండా, వంటింట్లో కూర్చుని టెక్నాఫ్ వానల గురించి గంటసేపు మాట్లాడిందట.

నేను కోప్పడ్డాను. ఆర్నెల్ల ఉద్యోగం కోసం ఉన్న ఉద్యోగం వదులుకుంటారా అన్నాను. నీ తరవాత అమ్మ చుక్కలెవరు వేస్తారన్నాను. "చుక్కలు నువ్వు వేస్తావు" అంది అమ్మ, నా వైపు చూసి. "నాలుగు పూటలా గడియారం చూసి వెయ్యి. ముందు ఆ నిచ్చెన తీసుకురా."

సూట్‌కేసు దించాను. దుమ్ము పట్టి ఉంది. అమ్మ తడిగుడ్డతో తుడుస్తూ, అడుగున ఆవకాయ పెట్టకు, ఈసారి వేరే సంచిలో పెట్టు, పోయినసారి నూనె కారి నీ బట్టలన్నీ పాడయ్యాయి అని నాకు చెప్పింది. నేనెప్పుడూ సర్దలేదు ఆ పెట్టె. ఆ రోజు సర్దాను.

రైలు దగ్గర తను "వెళ్ళొస్తా అన్నయ్యా" అంది. చాలా ఏళ్ళకి నేనొక సరైన ప్రశ్న అడిగాను. "అక్కడ వానొస్తే విమానం దిగుతుందా?" అని. "పక్కా రన్‌వే అన్నయ్యా. కలకత్తా దగ్గరే" అంది నవ్వుతూ.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తుంది. అక్కడ సెలవు శుక్రవారమే. కుళాయి దగ్గర వరస ఎంతసేపు ఉందని అమ్మ అడుగుతుంది. ఇరవై నిమిషాలంటే "ఫర్వాలేదు" అంటుంది, నలభై అంటే నా మీద విసుక్కుంటుంది. అక్కడి పటిక లెక్క ఒక కాగితం మీద రాయించి, మందుల డబ్బాలో పెట్టుకుంది. మా చెల్లెలికి డిసెంబరులో పదిహేను రోజులు సెలవు ఇస్తామన్నారట. ఆ రోజులకే నేనూ సెలవు చీటీ రాసి ఇచ్చాను, అప్పుడు పరీక్షలున్నాయని తెలిసీ. ప్రిన్సిపాలుగారు ఇంకా సంతకం పెట్టలేదు.